మూకచిత్రాలలో స్త్రీ: రూపం, పేరు, మాట

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్ర రచన సాధారణంగా రఘుపతి వెంకయ్య నాయుడుతో ప్రారంభమై, ఆయన కుమారుడు రఘుపతి ప్రకాష్ రూపొందించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ను స్పృశించి, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’తో మాటల యుగంలోకి ప్రవేశిస్తుంది. ఈ క్రమంలో నిర్మాతలు, దర్శకులు, యంత్రాలు, పెట్టుబడులు, థియేటర్ల ప్రస్తావన విస్తారంగా కనిపిస్తుంది. ఆ చిత్రాలలో తెరపై నిలిచిన స్త్రీల ప్రస్తావన మాత్రం ఒకటి రెండు వాక్యాలకు పరిమితమైంది. తొలి మూకచిత్రాలలో స్త్రీ ఏయే రూపాలలో కనిపించింది, ఆ రూపాలను ఎవరు ధరించారు, ఆమెకు మాట లేకపోవడం ఏ ఫలితాన్నిచ్చింది అనే మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు ఒక పరిమితి ఉంది. దక్షిణ భారత మూకచిత్రాలలో నేడు చూడటానికి మిగిలింది 1933 నాటి ‘మార్తాండ వర్మ’ ఒక్కటే. ‘భీష్మ ప్రతిజ్ఞ’ గాని, అంతకుముందు మద్రాసులో తయారైన ‘కీచక వధ’ గాని లభ్యం కావు. అందువల్ల చిత్రాన్ని చూసి చేసే విశ్లేషణ ఇక్కడ సాధ్యం కాదు. ఇతివృత్తానికి మూలమైన సాహిత్యం, నటీనటుల వివరాలు, నిర్మాణ పరిస్థితులు, ప్రదర్శన పద్ధతులు అనే నాలుగు ఆధారాలతో ఈ చర్చ సాగుతుంది. నెల్లూరు మండలానికి ఈ చర్చలో ప్రత్యేక స్థానముంది. ‘కీచక వధ’ ఇతివృత్తాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరి కవి. మూకచిత్రాల నుంచి టాకీల దాకా పనిచేసిన నటుడు, దర్శకుడు వై.వి. రావు (యరగుడిపాటి వరదరావు) నెల్లూరులో జన్మించారు.

1. తొలి పొట్టి చిత్రాలు: పనిచేసే స్త్రీ, మాయమయ్యే స్త్రీ

1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో లూమియేర్ సోదరుల చిత్రాలు భారతదేశంలో తొలిసారి ప్రదర్శితమయ్యాయి. ఒక్కొక్కటి నిమిషానికి మించని ఆ ఆరు చిత్రాలలో ఒకటి కర్మాగారం నుంచి పనివారు బయటికి రావడం, మరొకటి స్త్రీలు, సైనికులు చక్రాల బండ్లపై సాగడం. కర్మాగారపు చిత్రంలో గేటు దాటి వచ్చేవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలే. వారు ఎవరి పాత్రనూ ధరించలేదు, ఎవరి భార్యగానో తల్లిగానో పరిచయం కాలేదు. పని ముగించుకొని ఇంటికి వెళుతున్నారు, అంతే. భారతీయ ప్రేక్షకుడు తెరపై చూసిన మొదటి స్త్రీలలో వీరున్నారనే విషయం మన చరిత్ర రచనలో తగిన ప్రాధాన్యం పొందలేదు.

ఈ వాస్తవ దృశ్యాల పక్కనే మరో ధోరణి బలపడింది. అమెరికాలో ఎడిసన్ సంస్థ 1894లోనే నర్తకి అన్నాబెల్ నృత్యాన్ని చిత్రించింది. ఫ్రాన్సులో మెలియే 1896లో తీసిన ఒక చిత్రంలో ఇంద్రజాలికుడు కుర్చీలో కూర్చున్న స్త్రీని మాయం చేస్తాడు. తరువాతి దశాబ్దంలో పాథే సంస్థ విస్తారంగా తీసిన గారడీ చిత్రాలలో స్త్రీలు పెట్టెలలోంచి, పువ్వులలోంచి, మంటలలోంచి పుట్టుకొచ్చి, నర్తించి, అదృశ్యమవుతారు. ఈ చిత్రాలలో గారడీ చేసేవాడు సాధారణంగా పురుషుడు, గారడీకి గురయ్యేది స్త్రీ. కెమెరా అనే కొత్త యంత్రపు శక్తిని నిరూపించడానికి స్త్రీ శరీరం సాధనమైంది.

మచిలీపట్నంలో 1869లో జన్మించి మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య నాయుడు, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించి ప్రదర్శనలు ప్రారంభించారు. ఆయన ప్రదర్శించిన వాటిలో ‘పెర్ల్ ఫిష్’, ‘రాజాస్ కాస్కెట్’ వంటి పొట్టి చిత్రాలున్నాయి. గుడారాలలో ఊరూరా సాగిన ఈ ప్రదర్శనలు బర్మా, సింహళం వరకు వెళ్లాయి. తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి చలనచిత్రం పరిచయమైంది ఇటువంటి గారడీ, విచిత్ర చిత్రాల ద్వారానే. 1896 నాటి తెరపై కనిపించిన పనిచేసే స్త్రీ ఈ దశకు వచ్చేసరికి వెనుకకు జరిగి, ఆశ్చర్యం గొలిపే స్త్రీ ముందుకు వచ్చింది.

2. సినిమాకు ముందటి తెర: తోలుబొమ్మలాట, సురభి

అయితే తెలుగు ప్రేక్షకుడికి తెర కొత్తది కాదు. కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు వంటి నెల్లూరు మెట్ట ప్రాంతాల పల్లెలకు సినిమా గుడారం చేరడానికి చాలా ముందే తెల్లని పంచెలను తెరగా కట్టి, వెనుక దీపాలు వెలిగించి ఆడే తోలుబొమ్మలాట తెలుసు. సీత, ద్రౌపది, మండోదరి, హాస్యానికి బంగారక్క తెరపై కదిలేవారు. ఈ కళలో గమనించవలసిన అంశం గొంతు. తోలుబొమ్మలాట కుటుంబ వృత్తి. ఇంటి స్త్రీలు తెర వెనుక కూర్చుని స్త్రీ పాత్రలకు మాట, పాట సమకూర్చేవారు. తెరపై కనిపించేది తోలుబొమ్మ నీడ అయినా, వినిపించేది స్త్రీ గొంతే.

ఈ సంప్రదాయం నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. తోలుబొమ్మలాట నేపథ్యం గల వనారస కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ప్రదర్శించిన ‘కీచక వధ’తో రంగస్థలానికి మళ్లాయి. వనారస గోవిందరావు నాయకత్వంలో విస్తరించిన ఈ సమాజాలలో స్త్రీ పాత్రలను కుటుంబ స్త్రీలే ధరించారు. ఇతర నాటక సమాజాలలో పురుషులే స్త్రీ వేషాలు కడుతున్న కాలంలో ఇది విశేషం. ఈ అవకాశం కుటుంబ వృత్తి పరిధిలో, పురుషుల నిర్వహణలో లభించిందనే మాట కూడా నిజమే. ఆ పరిమితిని అంగీకరించిన తరువాత కూడా, స్త్రీ పాత్రకు స్త్రీ శరీరం, స్త్రీ గొంతు రెండూ లభించిన వేదిక ఒకటి తెలుగునాట సినిమాకు ముందే ఉన్నదనేది గుర్తించవలసిన విషయం.

3. పురుషుని శరీరంలో స్త్రీ

1913 మే 3న విడుదలైన ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి పాత్రను అన్నా సాలుంకే అనే యువకుడు ధరించాడు. తెలుగువారికి చంద్రమతిగా పరిచితమైన ఈ పాత్ర పాతివ్రత్యానికి, సహనానికి ప్రతీక. ఆ పాత్రకు స్త్రీ దొరకలేదు. కుటుంబ స్త్రీలే కాక, సమాజం వెలివేసిన స్త్రీలు కూడా కెమెరా ముందుకు రావడానికి నిరాకరించారని చరిత్రకారులు నమోదు చేశారు. 1917 నాటి ‘లంకాదహన్’లో సాలుంకే రాముడు, సీత పాత్రలు రెండింటినీ తానే పోషించాడు. ఆదర్శ దంపతులు ఇద్దరూ ఒకే పురుషుని శరీరంలో ఇమిడిపోయారు.

‘మోహినీ భస్మాసుర్’ (1913)లో ఫాల్కే తొలిసారి స్త్రీలను నటింపజేశారు. దుర్గాబాయి కామత్ పార్వతిగా, ఆమె కుమార్తె కమలాబాయి మోహినిగా నటించారు. ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. మోహిని విష్ణువు ధరించిన స్త్రీరూపం. అంటే భారతీయ తెరపై ఒక స్త్రీ ధరించిన తొలి ముఖ్యపాత్రలలో ఒకటి, కథ ప్రకారం స్త్రీవేషంలో ఉన్న పురుషుడిది.

తెలుగు రంగస్థలంపై స్త్రీ వేషానికి అపూర్వ ప్రతిష్ఠ తెచ్చినవారు బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు. సత్యభామ, చింతామణి, మధురవాణి వంటి పాత్రలలో ఆయన నటన స్త్రీల హావభావాలకే ప్రమాణంగా పరిగణన పొందింది. దీనికి భిన్నంగా బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారిని రంగస్థలానికి ప్రోత్సహించారు. ఈ రెండు ధోరణుల సంఘర్షణను కేవలం నటనకు సంబంధించిన వివాదంగా చూడరాదు. స్త్రీత్వం అంటే పురుషుడు నేర్చి ప్రదర్శించగల కళా, లేక స్త్రీ తన అనుభవంతో తీసుకురాగల విషయమా అనే ప్రశ్న అందులో ఉంది. రంగస్థలంపై గొంతు మార్చి మెప్పించే వీలు పురుష నటుడికి ఉంది. కెమెరా ముఖాన్ని దగ్గరగా చూపుతుంది కనుక తెరపై ఆ వీలు తగ్గింది. సినిమా స్త్రీని కోరడానికి సంస్కరణాభిలాష కంటే ఈ సాంకేతిక కారణమే బలమైనదని చెప్పవచ్చు.

4. ద్రౌపది, గంగ: ఇతివృత్తంలోని స్త్రీ

మద్రాసులో ఆర్. నటరాజ మొదలియారు నిర్మించిన ‘కీచక వధ’ (1917-18) దక్షిణ భారతదేశపు తొలి కథాచిత్రంగా ప్రసిద్ధం. సురభివారి తొలి ప్రదర్శన, దక్షిణాది తొలి కథాచిత్రం రెండూ ఒకే ఇతివృత్తాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. పరాయి ఇంట దాసిగా ఉన్న స్త్రీపై అధికారంలో ఉన్నవాడి దౌర్జన్యం, దానికి ప్రతీకారం అనే కథ మాట లేకుండానే అర్థమవుతుంది. వెంటాడటం, ప్రతిఘటించడం, ద్వంద్వయుద్ధం అన్నీ చర్యలే.

కాని తిక్కన విరాటపర్వంలోని ద్రౌపది బలం చర్యలో లేదు, మాటలో ఉంది. కీచకుడు సభలో తన్నినప్పుడు ఆమె విరాటుని, సభ్యులను నిలదీస్తుంది. ఆ రాత్రి వంటశాలలో ఉన్న భీముని వద్దకు వెళ్లి, తన దుఃఖాన్ని వివరించి, అతడిని కార్యోన్ముఖుని చేస్తుంది. కీచక వధకు భీముడు కర్త అయితే, ఆ కర్తను నడిపించినది ద్రౌపది వాక్కు. మూకచిత్రం సహజంగానే వాక్కును అక్షర ఫలకాలకు కుదించి, దౌర్జన్యాన్ని, వధను విస్తరిస్తుంది. ఫలితంగా ప్రయోక్త్రి అయిన ద్రౌపది బాధితురాలిగా మిగిలే అవకాశం మాధ్యమ స్వభావంలోనే ఉంది.

రఘుపతి ప్రకాష్ 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పతాకంపై రూపొందించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో ఆయనే భీష్ముడిగా నటించారు. గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో ధరించారు. తెలుగువారు నిర్మించిన తొలి మూకచిత్రంగా గుర్తింపు పొందిన ఈ చిత్రానికి పురుషుని శపథమే పేరు. నన్నయ ఆదిపర్వంలోని మూలకథను పరిశీలిస్తే, ఆ శపథానికి రెండు వైపులా ఇద్దరు స్త్రీలున్నారు. తానేమి చేసినా అడ్డు చెప్పరాదనే నియమంతో శంతనుని వరించిన గంగ ఒకరు. తండ్రి దాశరాజు విధించిన నియమం ద్వారా కురువంశ భవిష్యత్తును మార్చిన సత్యవతి మరొకరు. శంతనుడు ప్రశ్నించిన క్షణంలోనే గంగ వెళ్లిపోతుంది. ఆమె తన స్వేచ్ఛను మాటతో ఒప్పందంగా కుదుర్చుకొని, మాట తప్పగానే విడిచి వెళ్లిన స్త్రీ. మూకచిత్రంలో ఈ పాత్రకు మిగిలేది నీటిలోంచి ఆవిర్భవించడం, శిశువులను నీటిపాలు చేయడం, అంతర్ధానం కావడం. పొట్టి గారడీ చిత్రాలలో పుట్టుకొచ్చి మాయమయ్యే స్త్రీ ఇక్కడ దేవతగా తిరిగి వచ్చిందనవచ్చు. సంస్థ మారింది, ఇతివృత్తం మనదైంది, కాని కెమెరా స్త్రీని చూసే తీరులో కొంత కొనసాగింపు ఉంది.

5. పేరు, రంగు, కులం

గంగగా ఒక ఆంగ్లో-ఇండియన్ యువతి ఎందుకు నటించారు? నటరాజ మొదలియారు కూడా తన తరువాతి చిత్రంలో ద్రౌపది పాత్రకు ఆంగ్లో-ఇండియన్ నటినే ఎంచుకున్నారు. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, నటనను కుటుంబ స్త్రీలకు తగని వృత్తిగా భావించిన సామాజిక నీతి. కందుకూరి వీరేశలింగం నాటి నుంచి సాగిన భోగం మేళాల వ్యతిరేకోద్యమం ఆ వ్యవస్థలోని దోపిడీని ఎత్తిచూపింది. అదే సమయంలో కళావంతుల స్త్రీలకున్న సంగీత, నృత్య వేదికలను కూడా నిందకు గురిచేసింది. రెండు, మూకచిత్రానికి భాష అవసరం లేదు. తెలుగు రాని నటి తెలుగు పురాణ స్త్రీ కావడానికి అడ్డు లేదు. మూడు, నాటి ఫిల్ము స్వభావం. అప్పట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపు వర్ణానికి స్పందించదు. గోధుమ, చామన ఛాయలు తెరపై మరింత నల్లగా పడతాయి. లేత వర్ణపు ముఖాలకు సాంకేతికత స్వయంగా మొగ్గు చూపింది. తెల్లని ఛాయే అందమనే సినీ సౌందర్య ప్రమాణానికి పునాదులలో ఇదొకటి.

ఈ నటీమణులలో అనేకులకు కొత్త పేర్లు వచ్చాయి. రూబీ మయర్స్ ‘సులోచన’ అయ్యారు. రెనీ స్మిత్ ‘సీతాదేవి’ అయ్యారు. శరీరం పరాయిది, పేరు పురాణానిది. ప్రేక్షకుడు ఆరాధించే పతివ్రతకు, ఆమెను ధరించే స్త్రీకి మధ్య ఉన్న దూరాన్ని ఈ పేరు కప్పిపుచ్చింది. పెగ్గీ కాస్టెల్లో పేరు మాత్రం చరిత్రలో అలాగే నిలిచింది. కాని ఆమె గురించి మన గ్రంథాలలో ఆ పేరు దాటి వివరం లేదు.

పరాయి స్త్రీ దేవత పాత్ర ధరిస్తే అంగీకరించిన సమాజం, దళిత స్త్రీ అగ్రవర్ణ స్త్రీ పాత్ర ధరించినప్పుడు ఎలా స్పందించిందో తిరువనంతపురం ఉదంతం చెబుతుంది. జె.సి. డేనియల్ తీసిన మలయాళ మూకచిత్రం ‘విగతకుమారన్’లో పి.కె. రోసీ నాయర్ యువతిగా నటించారు. చిత్రం ప్రదర్శితమైనప్పుడు అగ్రవర్ణ ప్రేక్షకులు ఆగ్రహించి దాడులకు దిగడంతో ఆమె ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆంగ్లో-ఇండియన్ నటి సామాజిక సోపానానికి వెలుపల ఉన్నారు కనుక ఆమె ధరించిన పాత్ర దానిని కదిలించలేదు. రోసీ ఆ సోపానంలోనే ఉన్నారు కనుక ఆమె వేషమే తిరుగుబాటుగా కనిపించింది. మూకచిత్రాలలో స్త్రీ సమస్యను కులంతో కలిపి చూడక తప్పదనడానికి ఇది నిదర్శనం.

6. మౌనం, వ్యాఖ్యాత

మూకచిత్రం నిశ్శబ్దంగా ప్రదర్శితం కాలేదు. వాద్యాలుండేవి. అక్షర ఫలకాలను చదివి కథను వివరించే వ్యాఖ్యాత తెర పక్కన నిలిచేవాడు. చదువురాని ప్రేక్షకులు అధికంగా ఉన్న చోట అతడే చిత్రానికి గొంతు. నాయిక ఏమంటున్నదో, ఎందుకు ఏడుస్తున్నదో చెప్పేది అతడే. తోలుబొమ్మలాటలో తెర వెనుక స్త్రీ గొంతు ఉండగా బొమ్మ తెరపై ఉంది. మూకచిత్రంలో నిజమైన స్త్రీ తెరపై ఉండగా పురుషుని గొంతు తెర పక్కన ఉంది. తెలుగు దృశ్యకళా చరిత్రలో ఈ విలోమ సంబంధం గమనార్హం. స్త్రీ రూపం లభించిన చోట గొంతు పోయింది.

7. సాంఘికం వైపు

1926లో సులోచన ‘టైపిస్ట్ గర్ల్’, ‘టెలిఫోన్ గర్ల్’ వంటి చిత్రాలలో ఉద్యోగినిగా కనిపించారు. 1896 నాటి తెరపై మెరిసిన పనిచేసే స్త్రీ మూడు దశాబ్దాల తరువాత కథానాయికగా తిరిగి వచ్చింది. అదే సంవత్సరం ఫాత్మా బేగం ‘బుల్‌బులే పరిస్తాన్’తో దర్శకురాలయ్యారు. మద్రాసులో ఎ. నారాయణన్ 1929లో స్థాపించిన జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ నిర్మాణాన్ని విస్తృతం చేసింది. రాజా శాండో దర్శకత్వంలో వచ్చిన ‘అనాదై పెణ్’ రచయిత్రి వై.ము. కోదైనాయకి నవల ఆధారంగా రూపొందింది. దక్షిణాది మూకచిత్రంలో స్త్రీ రచన ప్రవేశించిన సందర్భం ఇది.

వై.వి. రావు ఈ సంధికాలపు ప్రతినిధి. మూకచిత్రాలలో నటించి, ‘పాండవ నిర్వాణ’ (1930), ‘హరిమాయ’ (1932) వంటి వాటికి దర్శకత్వం వహించిన ఆయన, టాకీల కాలంలో ‘మళ్ళీ పెళ్ళి’ (1939)తో వితంతు వివాహ సమస్యను తెరకెక్కించారు. పౌరాణిక మూకచిత్రాల నుంచి వచ్చిన దర్శకుడు, వితంతువును కాంచనమాల రూపంలో నాయికగా నిలపడం పదేళ్ల లోపున జరిగిన మార్పు.

8. తిరిగి లభించిన మాట

రెంటాల జయదేవ పరిశోధన ఫలితంగా ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైనట్లు నిర్ధారణ అయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారమైన ఈ చిత్రంలో లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. టాకీ రాగానే ఆంగ్లో-ఇండియన్ నటీమణుల స్థానం సన్నగిల్లింది. ఇప్పుడు కావలసింది తెలుగు పలికే, పద్యం పాడే స్త్రీ. ఆమె ఎక్కడ ఉంది? తోలుబొమ్మలాట నుంచి రంగస్థలానికి వచ్చిన సురభి సంప్రదాయంలో ఉంది. తెర వెనుక స్త్రీ గొంతుతో మొదలైన పరంపర ఇప్పుడు తెర ముందుకు వచ్చింది.

సి. పుల్లయ్య కృషి ఈ మార్పును మరోలా స్పష్టం చేస్తుంది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ కాలంలో ప్రకాష్ వద్ద పనిచేసిన ఆయన, 1920ల మధ్యలో కాకినాడలో ‘భక్త మార్కండేయ’ అనే పొట్టి మూకచిత్రం తీసి, తానే యముడిగా నటించారు. ఆ కథలో యముని ఎదిరించేది భక్తి. ఆయనే 1933లో ‘సావిత్రి’ టాకీ రూపొందించారు. వేమూరి గగ్గయ్య యముడు కాగా, దాసరి రామతిలకం సావిత్రి. సావిత్రి యముని జయించేది మాటలతోనే. మూకచిత్రంగా తీస్తే ఆ కథకు ప్రాణం ఉండదు. ఒకే దర్శకుడి రెండు యమ కథల మధ్య తెలుగు తెరకు స్త్రీ వాక్కు లభించింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తొలి పొట్టి చిత్రాలలో పనిచేసే స్త్రీ, గారడీకి లోబడే స్త్రీ అనే రెండు రూపాలుండగా, పౌరాణిక మూకచిత్రాలకు రెండవదే ఎక్కువగా ఉపకరించింది. రెండవది, స్త్రీ పాత్రను ఎవరు ధరించాలనేది నీతి, భాష, కులాలతో పాటు ఫిల్ము రసాయన స్వభావం మీద కూడా ఆధారపడింది. మూడవది, మూకచిత్ర యుగాన్ని తెలుగు తెరపై స్త్రీ చరిత్రకు ఆరంభంగా భావించే అలవాటును సవరించుకోవాలి. తోలుబొమ్మలాట, సురభి, టాకీలను కలిపే స్త్రీ గొంతు పరంపరలో అది రెండు దశాబ్దాల విరామం.

రఘుపతి వెంకయ్య పేరిట రాష్ట్ర ప్రభుత్వం 1980లో పురస్కారాన్ని నెలకొల్పింది. ఆయన సంస్థ తొలి చిత్రంలో నాయిక స్థానంలో నిలిచిన స్త్రీకి మన సాహిత్య, సినీ చరిత్రలలో ఒక పేరా కూడా దక్కలేదు. చిత్రాలు నశించినా, వాటికి మూలమైన కావ్యాలు, నాటకాలు, నాటి పత్రికలు, కుటుంబ కథనాలు మిగిలే ఉన్నాయి. వాటిని కలిపి చదివే పని చలనచిత్ర అధ్యయనానికి ఎంత చెందినదో తెలుగు సాహిత్య పరిశోధనకూ అంతే చెందినది. తిక్కన ద్రౌపది మాటను, మూకచిత్ర ద్రౌపది మౌనాన్ని పక్కపక్కన నిలిపి చదవగలిగేది ఈ రెండు రంగాలూ తెలిసిన పరిశోధకులే.